దబ్బనంతో కుట్టిన పుస్తకం

వినాయక చవితి వెళ్లిన తర్వాతి మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. మా గోడ గడియారం ఎప్పుడూ పావుగంట ముందు నడుస్తుంది. ఆ పావుగంట తీసేసే చెబుతున్నాను. సరిగ్గా ఆ వేళకు కంకిపాడులో మా ఇంటి వరండాలో కూర్చుని, నా చేత్తో వేసిన కుట్లను నా చేత్తోనే విప్పాను. కుట్టింది బట్టను కాదు, పుస్తకాన్ని. ఎందుకు కుట్టానో చెబితే నవ్వుతారు. నవ్వండి. మా కోడలు ఇప్పటికీ నవ్వుతోంది.

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. నేర్పింది మా మనవరాలు, కొడుకు కూతురు. అప్పుడది రెండో తరగతి. నన్ను పీట మీద కూర్చోబెట్టి, చేతిలో స్కేలు పట్టుకుని, ఒక వాక్యం చదవగానే "మళ్లీ" అనేది. తప్పు చదివినా మళ్లీ, సరిగ్గా చదివినా మళ్లీ. పొయ్యి మీద కూర మాడుతున్నా మళ్లీనే. అంత కఠినమైన గురువు దగ్గర చదివాను కాబట్టే ఇవాళ బస్సు బోర్డులూ, శుభలేఖలూ, పక్కింటివాళ్ల కరెంటు బిల్లూ చదవగలుగుతున్నాను. చదివేటప్పుడు పెదాలు కదులుతాయి. కదలనివ్వండి, మీకేం నష్టం?

ఆ గురువుగారు ఈసారి ఆరో నెలలోనే పుట్టింటికి వచ్చేసింది. ప్రయాణాలు తగ్గించమని డాక్టరమ్మ చెప్పిందట. వచ్చిన దగ్గర్నుంచీ ఫోను పట్టుకుని కూర్చునేది. ఫోన్లో ఒకావిడ నువ్వులు తినొద్దంటుంది, ఇంకొకావిడ ఎడమ వైపు తప్ప పడుకోవద్దంటుంది, మూడో ఆవిడ అసలు నవ్వుతూ ఉండకపోతే బిడ్డ ఏడుపుగొట్టుదవుతుందంటుంది. నవ్వాలన్న భయంతో మా పిల్ల ఏడ్చేది. చివరకు వాళ్లమ్మ, అంటే మా కోడలు, ఫోను లాక్కుని బీరువాలో పెట్టింది. అప్పుడు పిల్ల నన్ను పిలిచి, బెజవాడ వెళ్లి తెలుగులో ఒక మంచి పుస్తకం తెచ్చిపెట్టమంది. తనను భయపెట్టనిది కావాలంది.

"అత్తయ్య పుస్తకం ఎంచడమేంటే, అవేమన్నా వంకాయలా?" అంది మా కోడలు.

వంకాయైనా పుస్తకమైనా లోపల పుచ్చుందో లేదో చూసుకునే తేవాలన్నాను. అన్నానే గాని, నేను ఏ పుచ్చు చూడబోతున్నానో వాళ్లకు చెప్పలేదు. మీకు చెబుతాను.

దీనికి ముందు మా పిల్లకు ఒకసారి మూడో నెలలో పోయింది. నెల తప్పిందని తెలిసిన వారంలోనే అది బీసెంట్ రోడ్డుకు వెళ్లి పసుప్పచ్చ ఊలు మేజోళ్లు కొనుక్కొచ్చింది, నా బొటనవేలికి కూడా సరిపోనంతవి. మా ఇళ్లలో బిడ్డ భూమ్మీద పడేదాకా బిడ్డకని గుడ్డపీలిక కూడా కొనరు. ఆ సంగతి అప్పుడే చెప్పాను. తర్వాత అది ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజున, గుమ్మంలోనే, "ముందే కొనొద్దని చెప్పానా లేదా" అన్నాను. నోరు నాది. ఆ మేజోళ్లు ఏమయ్యాయో ఎవరం అడగలేదు. అన్న మాటను వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు. నేను తీసుకోలేని మాటను ఏ పుస్తకమైనా తీసుకుంటుందేమోనని నా ఆశ.

ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపుకు వెళ్లాను. తల్లులు కాబోయేవాళ్లు చదివే పుస్తకాలు చూపించమన్నాను. షాపాయన నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసి, "ఎవరికండీ మామ్మగారూ?" అన్నాడు.

"నాకే. ఆరో నెల."

ఆయన స్టూలు వేసి ఫ్యాను నా వైపు తిప్పాడు. పుస్తకాలు ఎనిమిదో తొమ్మిదో తెచ్చి బల్ల మీద పెట్టాడు. నేను అన్నిటిలోనూ ఒకే విషయం వెతికాను: మధ్యలో పోతే ఎందుకు పోతుందని రాశారో. విషయసూచిక మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, ఒక్కొక్కటీ చూశాను. ఒకదాంట్లో కడుపులో ఉండగానే బిడ్డకు లెక్కలు ఎలా నేర్పాలో ఉంది. బయట ఉన్న నాకే ఇంకా రాలేదు, దాన్ని పక్కన పెట్టాను. ఒకదాంట్లో తల్లి చేయకూడని పనులు పదమూడు పేజీలు. అన్నీ మానేస్తే మిగిలేది ఊపిరి పీల్చడమే. ఇంకొకటి, తల్లి కోపం వల్లా అశ్రద్ధ వల్లా పోతుందని రాసింది. దాన్ని కొంచెం గట్టిగానే మూశాను, షాపాయన తలెత్తి చూశాడు. మరొకటి ఆ ఊసే ఎత్తలేదు. చీకటి పడే వేళకు ఒక లేడీ డాక్టరు రాసిన పుస్తకం దొరికింది. నాకు కావలసిన పేజీ అందులో ఉంది. రెండుసార్లు చదివాను, మూడోసారి చదవబోతే కళ్లద్దాలు తడిసిపోయాయి. ఇంటికి తెచ్చుకున్నాను.

మా పిల్ల అట్ట మీద బొమ్మ చూసి మురిసింది. పేజీలు తిప్పింది. సగం దాటగానే దాని ముఖం మారిపోయింది. అక్కణ్నుంచీ పుట్టిన బిడ్డ సంగతులు: నలుగు పెట్టడం, ఉయ్యాల, మేజోళ్లు తొడగడం. పుస్తకాన్ని గుమ్మం బయట పెట్టేసి, ఆ సగం ఇంట్లోకి వద్దంది. నా మాట ఎంత లోతుకు దిగిందో అప్పుడు చూశాను. చూసి కూడా నోరు విప్పలేదు. దానికి బదులు తెలివి చూపించాను. ధాన్యం బస్తాలు కుట్టే దబ్బనం తెచ్చి, పురికొసతో ఆ సగాన్ని మూతి కుట్టేశాను. పుట్టాక విప్పుకోమన్నాను. పిల్ల తేలికపడి పుస్తకాన్ని లోపలికి తీసుకుంది. లోపల పురుగు పట్టకుండా వేపాకు కూడా వేయాల్సిందని మా కోడలు అంది.

తర్వాత రెండు నెలలు నేను కాచుకుని కూర్చున్నాను. ఆ పేజీ చదివి అదే వచ్చి ఏదో ఒకటి అంటుందని. చదివావా అని అడిగితే చదివానంటుంది. ఏం బాగుందంటే, ఐరన్ మాత్రల గురించి బాగా రాశారంటుంది. దీని గుండె ఇంత రాయేమిటా అని లోపల తిట్టుకున్నాను కూడా.

ఆ మంగళవారం దాని మొగుడు హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చాడు. అక్కడ లారీ టైర్ల షాపులో లెక్కలు రాస్తాడు. పాపం, నెమ్మదస్తుడు. తోటి గుమాస్తా ఎవరో ముచ్చటపడి ఇచ్చిన చిన్న గౌను, కాగితం పొట్లంలో తెచ్చాడు. పొట్లం విప్పీ విప్పకముందే మా పిల్ల వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది.

"తీసుకెళ్లిపోండి. ఒకసారి నా చేతులారా చేసుకున్నాను, చాలు."

నాకు ఒళ్లు మండింది. దాని మీద కాదు. "కొనడానికీ పోవడానికీ సంబంధం లేదని పుస్తకంలో చదివావు కదే" అన్నాను.

"ఏ పుస్తకంలో, నాయనమ్మా?"

అప్పుడు వెలిగింది. లేడీ డాక్టరు ఆ పేజీని చిట్టచివర వేసింది. నేను మొదటి సగం వదిలి, చివరంటా కుట్టేశాను. ఏ పేజీ కోసం బెజవాడ వెళ్లి పూటంతా స్టూలు మీద కూర్చున్నానో, సరిగ్గా ఆ పేజీకే మూతి కుట్టాను.

కత్తిపీట మీద పురికొస కోయబోతే మా కోడలు చెయ్యి పట్టుకుంది. "అత్తయ్యా, ఇంకా పుట్టలేదు. ఇవాళ మంగళవారం కూడాను."

ఏమన్నా అయితే నా మీద వేసుకుంటానని చెప్పి, పరపరా కోసేశాను. పేజీ తీసి చదివాను. మొదటి మూడు నెలల్లో పోయేవాటిలో చాలావరకు పిండం మొదట్లోనే సరిగ్గా కట్టుకోకపోవడం వల్ల పోతాయనీ, తల్లి తిన్నదాని వల్లో, నడిచినందువల్లో, ఆశపడినందువల్లో కాదనీ అందులో ఉంది. నా వేగం మీకు తెలిసిందే. ఆ నాలుగు వాక్యాలకూ నాకు కాఫీ కాచినంత సేపు పట్టింది.

చదివి పుస్తకం మూశాను. కాని అది ఆ డాక్టరమ్మ మాట. నాది నేను చెప్పాలి.

"ఆ రోజు గుమ్మంలో నేనన్న మాట తప్పు. నీ మేజోళ్లకు ఏ పాపమూ తెలియదు. నీకూ తెలియదు. నేనే నోరు పారేసుకున్నాను."

మా పిల్ల నా వైపు చూసింది. చేతిలో స్కేలు లేదు గాని, ఆ చూపు రెండో తరగతి నాటిదే.

"మళ్లీ చదువు" అంది.

మళ్లీ చదివాను. మళ్లీ అంది. మూడోసారి నేను చదువుతుంటే అది మొగుడి చేతిలోంచి గౌను తీసుకుని, పొట్ట మీద పరిచి, పొడుగు సరిపోతుందా లేదా అని చూసుకుంది. మిగతా కుట్లు కూడా విప్పెయ్యమంది. పురికొస బాగుంది, పారేయకుండా చుట్ట చుట్టి పెట్టమని మా కోడలు అంది.

ఆ మధ్యాహ్నం వరండాలో ఉన్నవాళ్లం వీళ్లం: చదివిన నేను, చదివించిన మా మనవరాలు, చెయ్యి పట్టుకుని ఆపబోయి తర్వాత కళ్లు తుడుచుకున్న మా కోడలు, ఖాళీ కాగితం మడతలు పెడుతూ నిలబడిన మా పిల్ల మొగుడు, గౌను కింద పొట్టలోంచి కాలు జాడించిన, అప్పటికింకా పుట్టని మునిమనవరాలు. వీళ్లు కాక ఇంకొకరు కూడా ఉన్నారనే నా లెక్క, మూడో నెలలో వెళ్లిపోయినది. దానికి పసుప్పచ్చ మేజోళ్లు ఉన్నాయి.