ఆరు ఎనిమిదైన రిజిస్టరు

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, ఒక వానాకాలంలో, నాంపల్లిలోని ఒక రికార్డుల కార్యాలయంలో సిస్టమ్స్ ఆఫీసరుగా ఉండగా ఈ పని నాకు అప్పగించారు. టైపు చేసిన పాత ఇళ్ల రిజిస్టర్ల స్కాన్లతో మా సర్వర్లు నిండిపోయాయి. హిమాయత్‌నగర్‌కు చెందిన శ్రీకాంత్ అనే ఆయన ఫైళ్లను బాగా కుదించే కొత్త ప్రోగ్రామ్ రాసి తెచ్చాడు. కుదించిన ప్రతులు ఉంచుకుని అసలు స్కాన్లు తొలగించాలని, చివికిన రిజిస్టర్లను ఊరవతలి గోదాముకు పంపాలని జాయింట్ డైరెక్టర్ గారి ఆలోచన. దానికి ముందు స్వతంత్ర పరీక్ష నివేదిక కావాలి. సంతకం నాది.

కుదింపు రెండు రకాలు. ఒకదానిలో, విప్పితే ఫైలు ఉన్నదున్నట్టు తిరిగి వస్తుంది. రెండోది కంటికి ఆనని వివరాలను వదిలేస్తుంది. తనది మొదటి రకమని శ్రీకాంత్ చెప్పాడు. అది తేల్చడానికి చెక్‌సమ్ అనే లెక్క ఉంది. ఫైలులోని సమాచారం నుంచి తీసే సంఖ్య అది; సమాచారం ఏ కాస్త మారినా అదీ మారుతుంది.

ఆయన తెచ్చిన నమూనాలు పక్కనపెట్టి, మా ఫైళ్లనే ఒక కంప్యూటర్‌లో కుదించి మరోదానిలో విప్పాను. ఒక్కదానికీ చెక్‌సమ్ కలవలేదు. విప్పేటప్పుడు ఫైలు మొదట్లో కొత్త తేదీ పడుతుందని, తేడా అంతవరకేనని శ్రీకాంత్ వివరించాడు. సబబుగానే తోచింది. కొన్ని పేజీలు తెరమీద చూశాను. అసలు కంటే శుభ్రంగా ఉన్నాయి. అనుకూలంగా నివేదిక టైపు చేశాను.

సంతకానికి ముందు, ఎన్నో ఏళ్లుగా ఆ రిజిస్టర్లు చూస్తున్న రికార్డ్ కీపర్ లక్ష్మీబాయి గారిని, విప్పిన ఫైలు ఒకదాన్ని అసలు కాగితంతో సరిచూడమన్నాను. గంట తిరక్కుండానే పిలిచారు.

“సార్, జర గిటు రాన్రి. గీ ఇంటి నంబర్ల ఆరున్నది గదా, మీ కంప్యూటర్ల ఎనిమిదైంది.”

కాగితం మీద ఆరు కొంచెం వెలిసినా తెలుస్తూనే ఉంది. తెరమీద ఎనిమిది నిగనిగలాడుతోంది. ఆ పేజీలోనే అలాంటివి మరో రెండు.

ఇద్దరం జాయింట్ డైరెక్టర్ గారి గదికి వెళ్లాం. ఇన్ని పేజీల్లో ఒకటి రెండు అంకెలే కదా అన్నారాయన. లక్ష్మీబాయి గారు అందుకున్నారు.

“ఒక్క అంకె మారితే ఇల్లు పక్కోనిదైతది సార్. కాగితం గూడ ఈడ లేకపోతే ఆ ఇంటోళ్లు ఏం జూపెట్టి కొట్లాడాలె?”

ఆయన ఫైలు మూసి, గోదాము ఉత్తర్వు ఆపమన్నారు.

మర్నాడు శ్రీకాంత్ వచ్చి రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. “ఔ సార్. ఒక్క తీరుగున్న అక్షరాలను ఒక్కసారే దాచి, అంతట గదే వాడేటట్టు రాసిన. వెలిసిన ఆరును గూడ ఎనిమిదే అనుకున్నది. గిట్ల గల్తీ అయితదనుకోలే,” అన్నాడు. సరిచేసుకొస్తాను, వారం రోజులు నివేదిక ఆపమని బతిమాలాడు. మోసగాడు కాదు, కొన్నేళ్ల శ్రమ అది. జాలి వేసినా ఆపలేదు; ప్రోగ్రామ్ అంకెలు మారుస్తోందని నివేదిక ఇచ్చేశాను. నా మొదటి ప్రతి అనుకూలంగా ఉండిందని కూడా అందులో రాశాను.

కొన్ని నెలలకు ఆ భాగాన్నీ, కొత్త తేదీ వేయడాన్నీ తీసేసి మళ్లీ తెచ్చాడు. కుదింపు తగ్గింది, చెక్‌సమ్‌లు అన్నీ కలిశాయి. దాన్నే తీసుకున్నాం. రిజిస్టర్లు మాత్రం నాంపల్లిలోనే ఉండిపోయాయి.

చెక్‌సమ్ కలవని క్షణంలోనే పరీక్ష ఫలితం వచ్చేసింది. ఆపైన నేను చేసింది పరీక్ష కాదు, చెప్పిన కారణాన్ని నమ్మడం. తేడా తేదీ వల్లనే అయితే, తేదీని మినహాయించి మళ్లీ లెక్క తీయడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు నేను పెట్టలేదు.