నాన్న మరిచిపోయిన వైరు

నిన్న ఆఫీసుకు కొత్త కంప్యూటరు వచ్చింది. అట్టపెట్టె విప్పగానే తగిలిన థర్మాకోల్ వాసనకి, పలాస దగ్గర మా ఊరి ఇల్లు గుర్తొచ్చింది.

నాన్న విశాఖలో వెల్డింగు పని చేసేవాడు. కంపెనీవాళ్లే బిగించి అమ్మే కంప్యూటరు ఖరీదెక్కువని, వచ్చినప్పుడల్లా ఒక్కో భాగం తెచ్చి ఇంట్లోనే బిగించేవాడు. ఓసారి మదర్‌బోర్డు, ఓసారి పాత మానిటరు. ఒకసారి వచ్చి మళ్లీ వచ్చేదాకా గడిచే నెలల్లో, జీడితోటల మీంచి వచ్చే గాలి తప్ప మా ఇంటికి ఎవరూ వచ్చేవారు కాదు.

"కంపెనీదైతే అంతా ఒక్కపాలే వచ్చెత్తాది. అదే కొనీరాదా," అంది అమ్మ ఒకసారి.

నేను నాన్న చొక్కా పట్టుకున్నాను. "వద్దు నాన్నా. ఒక్కపాలే వచ్చెత్తే మల్లా నువ్వెందుకొత్తావు?"

ఆ సామాన్లు బిగించడానికే నాన్న ఇంటికొస్తున్నాడని నా నమ్మకం. నాన్న స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు.

చివరికి అన్నీ బిగించాక, కరెంటుకు పెట్టే వైరు మరిచిపోయానన్నాడు. "మల్లొచ్చినప్పుడు తెత్తానమ్మా." తర్వాతిసారి కూడా మరిచిపోయే వచ్చాడు. వెలగని ఆ కంప్యూటరు ముందు కూర్చుని నేను నిశ్చింతగా ఎదురుచూశాను.

నిన్న కొత్తదానికి వైరు తగిలిస్తూ ఆగిపోయాను. అలాంటి వైరు ఆ రోజుల్లో పలాస బజారులో ఏ కరెంటు సామాన్ల కొట్టుకెళ్లినా దొరికేది.