తొందర సారుది కాదు

మా కెమిస్ట్రీ సారు పోయారు. ఆ కబురు ప్రొద్దుటూరులో మేం చదివిన కాలేజీ వాట్సాప్ గ్రూపులో దీపం బొమ్మతో వచ్చింది. క్షణాల్లో దండాల బొమ్మలు వరసకట్టాయి. ఆయన ల్యాబు గడప ఏనాడూ తొక్కని వాళ్లే అందరికంటే ముందు.

సంతాప సభ మరీ ఘోరం. ఒక పెద్దమనిషి ఆయన్ను ప్లాస్టిక్ దారాల శాస్త్రవేత్త అన్నాడు. ప్లాస్టిక్ దారాలట! సారు చేసింది ఇదీ: సిలికాన్, కార్బన్ ఉన్న పాలిమర్‌ను కరిగించి వెంట్రుక కన్నా సన్నగా పోగు లాగడం. దాన్ని ముందు గాలిలో మెల్లమెల్లగా వేడిచేసి గట్టిపరచాలి. తర్వాత గాలి చొరని కొలిమిలో కాలిస్తే సిలికాన్ కార్బైడ్ పోగవుతుంది, విమానం ఇంజిన్ వేడికి కూడా మెత్తబడదు. మొదటి వేడిలో తొందరపడితే మాత్రం కొలిమిలో అంతా కరిగి ముద్దవుతుంది.

పెద్ద ప్రయోగశాలలో రిటైరైన మనిషి, జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో వచ్చి మాకు ఈ పని నేర్పారు. నోరు మంచిది కాదు. నేను లాగిన మొదటి పోగు చూసి, "ఇది పోగా, చీపురు పుల్లా? వేడి నీ మాట యినదప్పా, నువ్వే దాని మాట యినాల" అన్నారు. ఆ తిట్లు తిన్నందుకే ఈరోజు నాకు చేతిలో పనుంది.

సభలో కాలేజీ నడిపే కరస్పాండెంటు మైకు అందుకున్నాడు. "సారు శానా గొప్పోడు. తొందరే ఆయన్ను చెడగొట్టె. కమిటీ వచ్చిన దినం పోగులన్నీ ముద్ద చేసిపెట్టె" అన్నాడు. జనం తలలూపారు. సిగ్గులేకుండా నేనూ ఊపాను.

ఆ తొందర నాది. ప్రాజెక్టుకు డబ్బిచ్చే కమిటీ చూడ్డానికి రావడానికి ముందురోజు సారు పోగుల్ని నాకప్పగించి, వేడి మెల్లగా పెంచమన్నారు. పులివెందులలో స్నేహితుడి పెళ్లి విందు తప్పిపోతుందని నేను గబగబా పెంచేసి పోయాను. మర్నాడు కొలిమిలోంచి నల్లటి ముద్ద బయటికొచ్చింది. ఇది ఎవరి పని అని కమిటీ వాళ్లు అడిగితే, సారు నావైపు చూడకుండా "నాదే" అన్నారు. ప్రాజెక్టు ఆరోజే ఆగిపోయింది. నేను పక్కనే నిలబడి నోరు మూసుకున్నాను.

కరస్పాండెంటుకు నిజం తెలియదు. నాకు తెలుసు. ఆ సభలో అందరికంటే నీచుణ్ణి నేనే. అక్కడ లేచి చెప్పాల్సింది ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

కమిటీ వెళ్లాక తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. మిగిలిన పిడికెడు పాలిమర్‌ను కరిగించి, పోగు లాగి, దాని కొస నా వేళ్ల మధ్య పెట్టారు.

"పట్టుకో అప్పా. బిర్రుగా వద్దు."

కిటికీ వెలుతురులో ఆ పోగు కనపడీ కనపడక, నా వేళ్ల నుంచి ఆయన చేతిదాకా సన్నగా ఊగింది.