చివర రాసిన స్తోత్రం

సర్వశక్తిగల దేవునికి మొదట స్తోత్రం. ఏం రాసినా పైన ఈ మాట రాయడం మా సంఘంలో అలవాటు. పెండ్లి పత్రిక నుంచి కిరాణా చీటీ దాకా పైన స్తోత్రం ఉండాల్సిందే.

దెయ్యాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. చనిపోయిన విశ్వాసులు ప్రభువునందు నిద్రిస్తున్నారని, తిరిగొచ్చి మనల్ని పలకరించరని చిన్నప్పుడే నేర్చుకున్నాను. ఆదివారం బడిలో పిల్లలకూ అదే నేర్పాను. ఇప్పటికీ అదే నమ్ముతున్నాను. అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

ప్రత్యేక రాష్ట్రం కోసం కొట్లాడుతున్న రోజులవి. నేను చంద్లాపూర్ బడిలో టీచర్ని. సిద్దిపేటలో కిరాయి ఇంట్లో అమ్మ, నేను, తమ్ముడు శాంతిరాజు ఉండేవాళ్లం. తమ్ముడికి కంప్యూటరంటే ప్రాణం. దొంగ సీడీలు విశ్వాసుల ఇంట్లో ఎందుకని దాంట్లో ఉచితంగా దొరికే లినక్స్ వేసుకున్నాడు. అందులో ఏ ఫైలు మార్చినా స్తోత్రం రాసేవాడు, కానీ పైన కాదు, చివర. అదేంట్రా అంటే నవ్వేవాడు.

"మీరు పని మొదలువెట్టకముందే దేవునికి థాంక్స్ చెప్తరన్నా. నేను అయినంక చెప్త. అయిందో లేదో చూస్కోవాలె గదా."

ఆరాధనలో పాటలు పాడేది వాడే. ఆ యేడు రిలే దీక్షల టెంటులో కూడా పాడసాగాడు. సంఘ పెద్దల్లో ఒకడిగా నాకది నచ్చలేదు. "దేవుని పాటలు పాడే గొంతు రోడ్డు మీదికెక్కిందా?" అని ఎత్తిపొడిచాను.

"టెంట్ల కూసున్నోళ్లకు దేవుడు లేడా అన్నా?" అన్నాడు. తర్వాత సొంతంగా ఒక పాట కట్టి, ఇంట్లోనే కంప్యూటర్లో రికార్డు చేశాడు. "ఒక్కసారి విను. చెవులేం అరిగిపోవు."

తర్వాత వింటానన్నాను. వినలేదు.

ఆ నెలలోనే వాడికి కామెర్లు ముదిరాయి. హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోయిన నాలుగో రోజు ప్రభువు పిలుచుకున్నాడు. ఇరవై నాలుగేళ్లు.

రెండు నెలలకు కంప్యూటర్ డిస్కు టక్‌టక్‌మని చప్పుడు చేయడం మొదలైంది. వాడి జ్ఞాపకార్థ కూడిక దగ్గర పడుతోంది. ఆ లోపల పాట వినాలని అమ్మ కోరిక. వాడి స్నేహితుడు అన్వర్‌కు రిపేరు దుకాణం ఉంది. కొత్త డిస్కు కొనిచ్చి, పాతదాంట్లో ఉన్నదంతా అందులోకి ఎక్కించమన్నాను. ఎక్కించడం అయ్యీ కాకముందే పాతది ఆగిపోయింది.

"పాతది ఇగ లేవదన్నా. పాట కొత్తదాంట్లకు వచ్చిందో లేదో, మెషిన్ లేస్తేనే తెలుస్తది" అన్నాడు అన్వర్.

ఇంటికి తెచ్చి పెడితే లేవలేదు. సగం దూరం వచ్చి, నల్ల తెర మీద ఇంగ్లీషులో ఒక మాట చూపించి ఆగిపోయింది: డిస్కు ఇంకా సిద్ధంగా లేదు, లేదా అసలు లేదు, ఎదురుచూస్తూ ఉండనా అని.

ఫోన్ చేస్తే అన్వర్ నవ్వాడు. "పాత డిస్కు నంబరు ఒక ఫైల్ల రాసి ఉంటదన్నా. అది దానికోసమే సూస్తున్నది. కొత్త నంబరు రాయాలె, నాకు యాదికి రాలే. మీ తమ్ముడైతే చాయ్ తాగుకుంట చేసేటోడు."

ఫోన్లో అతను చెప్పిన మీటలే నొక్కుతూ ఆ నల్ల తెర మీదే ఆ ఫైలు తెరిచాను. ఎనిమిది పంక్తులు. పాత నంబరుతో సహా అన్నీ నోటుబుక్కులో ఎక్కించుకున్నాను, పైన స్తోత్రం రాసి మరీ. కింద, తెర మీద చూపించిన కొత్త డిస్కు నంబరు కూడా రాసుకోగానే కరెంటు పోయింది. ఫైల్లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు. "నువ్వు చెయ్యి పెట్టకు, రేపొచ్చి చేస్త" అన్నాడు అన్వర్.

మర్నాడు బంద్. అన్వర్ రాలేకపోయాడు. మధ్యాహ్నం టెంటు వైపు నుంచి డప్పులు వినిపిస్తుంటే అమ్మ వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది.

"ఒక్కసారి వెయ్యి బిడ్డా."

"అది లేవదమ్మా. అన్వర్ రావాలె."

"ఆనాడు వాడు విను అన్నప్పుడు గూడ నువ్వు తర్వాతనే అన్నవు."

బటన్ నొక్కాను. నల్ల తెర వచ్చింది. దాని మీద ఏ మాటా లేదు. కాసేపటికి వాడు పెట్టుకున్న కోమటి చెరువు ఫొటో తెర మీద కనిపించింది.

పాట ఉంది. టెంటులో అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు. నేననుకున్నట్టు అందులో తిట్లు లేవు. ఇంటి దీపం ఆరిన తల్లుల కోసం దేవుణ్ణి అడుగుతున్నాడు. పాట అయ్యాక కాస్త ఊపిరి తీసుకుని "స్తోత్రం" అన్నాడు. అమ్మ "ఆమెన్" అంది. చాలాసేపు చెంగు ముఖం మీంచి తీయలేదు.

మర్నాడు అన్వర్ వచ్చి ఆ ఫైలు తెరిచాడు. "మార్చినవ్ గదన్నా. మల్ల నన్నెందుకు రమ్మన్నవ్?"

"నేను మార్చలే."

"మజాక్ చెయ్యకు."

నోటుబుక్కు పక్కన పెట్టి చూశాం. పాత నంబరు ఉన్నచోట కొత్త నంబరు ఉంది, ఒక్క తప్పు లేకుండా. ఎనిమిది పంక్తుల ఫైల్లో తొమ్మిదో పంక్తి ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో స్తోత్రం అని. అన్వర్ నవ్వు ఆగిపోయింది.

ఆ రెండు రోజులు ఇంట్లో అమ్మ, నేను తప్ప ఎవరూ లేరు. అమ్మకు ఇంగ్లీషు అక్షరాలు రావు. తమ్ముణ్ణి మట్టి చేసిన రెండు నెలలకు కొన్న డిస్కు అది, దాని నంబరు వాడికి తెలిసే దారి లేదు. దుఃఖంలో నేనే మార్చి మరిచిపోయానా అని కూడా ఆలోచించాను. నేనైతే పైన రాసేవాణ్ణి. చిన్నప్పటి అలవాటు.

మా పాస్టరుగారికి చెప్పాను. "దేవుడు ఎరుగును" అన్నారు. అంతకు మించి నాకూ తెలియదు. లేఖనం చెప్పేదీ, నా కళ్లు చూసినదీ రెండూ నా దగ్గరున్నాయి. ఒకదానితో ఒకటి కలపడం నాకు చేతకావడం లేదు.

చదువుతున్నవారు ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. విను అని అడిగినవాళ్లకు తర్వాత అని చెప్పిన నాలాంటి వాళ్లందరినీ ప్రభువు క్షమించాలని. మా అమ్మను ఆదరించాలని. శాంతిరాజును మళ్లీ చూసే దినం దాకా మమ్మల్ని నిలబెట్టాలని.

స్తోత్రం.