గోడమీది పులి

1997లో పుంగనూరులో బోర్డులు రాసే మునిరత్నానికి ఒక పని వచ్చింది. సినిమా హాలు గోడమీది పెద్ద పులి బొమ్మను కప్పేసి సిమెంటు ప్రకటన రాయాలి. ఆ పులిని వేసింది అతనికి కుంచె పట్టడం నేర్పిన గంగులప్ప. కోపమొస్తే చెయ్యి చేసుకునే మనిషి. ఆయనకు చెప్పే ధైర్యం లేక మునిరత్నం చెప్పకుండానే నిచ్చెనెక్కాడు.

కాళ్లు, చారలు, మీసాలు తెల్లరంగు కింద మాయమయ్యాయి. రోడ్డుమీద సైకిలు బెల్లు మోగినప్పుడల్లా గంగులప్పేనేమోనని వెనక్కి తిరిగి చూశాడు. పులి కళ్లు మాత్రమే మిగిలినప్పుడు కింద దగ్గు వినిపించింది.

"దిగప్పా," అన్నాడు గంగులప్ప.

మునిరత్నం దిగాడు. "తప్పయిపోయింది నాయనా. నేనొద్దంటే మదనపల్లెవాళ్లను పిలిపిస్తానన్నాడు ఓనరు."

ముసలాయన చెయ్యి లేచింది. మునిరత్నం కళ్లు మూసుకున్నాడు. దెబ్బ పడలేదు. అతని చేతిలోని కుంచె మాత్రం ముసలాయన చేతిలోకి పోయింది.

"ఆ కండ్లు ఎయ్యడానికి నాకు మూడు దినాలు పట్టింది. ఇంకొకరు వాటిని మూస్తాంటే సూడలేను," అంటూ గంగులప్ప నిచ్చెనెక్కసాగాడు.

డెబ్బై ఏళ్ల కాళ్లు ఒక్కో మెట్టుమీదా వణికాయి. అంతవరకూ ఆయనకు భయపడ్డ మునిరత్నం, ఇప్పుడు ఆయన పడిపోతాడేమోనని భయపడుతూ నిచ్చెనను రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు. ఆయన ఆ కళ్లను కప్పేసి, తిరిగి నేలమీద కాలు పెట్టేదాకా వదల్లేదు.