మారు వడ్డించుకోని శనివారం

ఆ రోజుల్లో అమెరికాలో, డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో మావాళ్లు వంటను నోటితో మెచ్చుకునేవారు కాదు, ప్లేటుతో మెచ్చుకునేవారు. "బాగుంది" అనడం మర్యాద, మారు వడ్డించుకోవడం తీర్పు. ఆ లెక్కన నేను సుప్రీంకోర్టుని. ఒక్క పూటలో సగం మేకను లాగించేవాణ్ణి. (సరే, సగం కాదు. ఒక కాలు. అదీ పిల్లమేకది.)

నలభై దాటాక (ఇప్పటి నా వయసుకి అదే పడుచుదనం) మోకాళ్లు మొరాయిస్తే, ఎవరికీ చెప్పకుండా బరువు తగ్గే సర్జరీ చేయించుకున్నాను. తిండిపోతుకీ పరువుంటుంది కదా! డాక్టరమ్మ నా పొట్టలో చాలా భాగం తీసేసి, అరటికాయంత మిగిల్చింది. "ఆకలేస్తోందని మెదడుకి కబురు పంపే హార్మోన్ పేరు గ్రెలిన్. దాన్ని చేసే కణాలు ఎక్కువగా పొట్ట పైభాగంలోనే ఉంటాయి. ఆ భాగమే తీసేశాం" అంది. నిజంగానే కబుర్లు ఆగిపోయాయి. ఆకలి లేని మనిషికి రోజు ఎంత పొడుగో! ఫ్రిజ్ తెరుస్తాను, మూస్తాను. పార్కింగ్ లాట్ చుట్టొస్తాను. మళ్లీ ఫ్రిజ్.

అలాంటి ఒక శనివారం నా పాత రూమ్మేట్ భోజనానికి పిలిచాడు. వాళ్లావిడకి అప్పుడే వర్క్ పర్మిట్ వచ్చింది. ఇండియన్ స్టోర్‌లో కర్రీల కౌంటర్ పెట్టాలని ఆశ, ధైర్యం చాలడం లేదు. "అన్నయ్య మారు వేసుకుంటే స్టోర్ వాళ్లకి ఓకే చెప్తా, లేదంటే లేదు" అని గుత్తివంకాయ ముందు పెట్టింది.

రెండు చెంచాలకే గొంతుదాకా నిండింది. కూర్చోలేక ప్లేటు పట్టుకుని సోఫా చుట్టూ తిరిగాను, బాల్కనీలోకి వెళ్లొచ్చాను.

"ఏంరా, గట్ల తిరుగుతున్నవ్? సగమైనవ్ గదరా! వీసా టెన్షనా? లాయర్‌తో మాట్లాడాల్నా?" అన్నాడు వాడు.

వాళ్లావిడ మాత్రం నా ప్లేటే చూస్తోంది. "పోనీలే అన్నయ్యా. బాలేదని చెప్పడానికి మొహమాటం దేనికి? కౌంటర్ వద్దని చెప్పేస్తాలే" అంటూ గిన్నె మీద మూత పెట్టేసింది.

ఆ మూత చప్పుడుకి నా పరువు జారిపోయింది. అరటికాయ, కణాలు, గ్రెలిన్, అన్నీ కక్కేశాను. "పులిని కోసినట్టు ఎనిమిది గంటలు కోశారమ్మా!" (గంటో గంటన్నరో. నేను నిద్రపోయాను.)

ఆమె మూత తీసింది. "అయితే అన్నయ్యా, ఇన్నాళ్లూ నా వంట తిన్నది మీ ఆకలా? అసలు ఆకలే లేకుండా రెండు చెంచాలు తిన్నారంటే..." అని ఆగి, మొగుడి వైపు తిరిగింది. "ఏవండీ, ఫోనివ్వండి!"

మిగిలిన కణాలు మేలుకున్నాయో ఏమో, నాకు కొన్నాళ్లకు ఆకలి మళ్లీ తలుపు తట్టింది. ఈ ముసలితనంలో ఆమె కౌంటర్ దగ్గర నిలబడి, "అద్భుతం చెల్లెమ్మా!" అంటూ మారు అడుగుతుంటాను. ఆమె పెడుతుంది కానీ నమ్మదు. "మీకిప్పుడు ఆకలేస్తోందిగా, మీ మాట చెల్లదు" అంటుంది. అప్పుడు నాకు, చల్లారిన వంకాయతో సోఫా చుట్టూ తిరిగిన ఆ సన్నపాటి మనిషి గుర్తొస్తాడు. నా జన్మకంతా నమ్మదగిన తీర్పు వాడొక్కడే ఇచ్చాడు, పాపం, అదీ నిలబడి.