చప్పుడు వినే ఎలిహియో

ఎలిహియో పొలాంకో బేస్‌బాల్ ఆటలో ఇరవై రెండేళ్లు బ్యాటర్ల వెనక గొంతుక్కూర్చుని, పిచర్లు విసిరే బంతులు పట్టాడు. కుడిచేతి వేళ్లు అల్లం కొమ్ముల్లా వంకర తిరిగిపోయాయి. ఇప్పుడు సాన్ పెద్రో జట్టుకి మేనేజరు. ఆట సాగినంతసేపూ బెంచీ చివర తల దించుకుని వేరుశెనగకాయలు ఒలుచుకుంటుంటాడు. చూసేవాళ్లకి కునుకు తీస్తున్నట్టే ఉంటుంది.

ఫైనల్లో అవతలి జట్టులో ఇంకొక్కడు ఔటైతే కప్పు వాళ్లదే. పిచర్ విల్కిన్‌కి తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఏడో దాని నుంచీ మోచెయ్యి సలుపుతోంది. ఎవరికీ చెప్పలేదు, వేగమూ తగ్గనివ్వలేదు. అయినా ముసలాయన లేచాడు. తెల్లగీత తొక్కకుండా దాటి, మెల్లగా వచ్చి, ఇక వేరేవాడు విసురుతాడు, బంతి ఇమ్మని చెయ్యి చాపాడు. స్టాండ్స్‌లోంచి బీరు గ్లాసులు ఎగిరొచ్చి పడ్డాయి. "మతిపోయిందా ముసలోడా!"

"బాగానే ఉన్నాను పెద్దాయనా! అసలు మీరు ఆట చూశారా?" అన్నాడు విల్కిన్.

"చూళ్లేదురా, విన్నాను. గ్లవ్‌లో బంతి పడే చప్పుడు మారింది. ఏదీ, నా చెయ్యి గట్టిగా నొక్కు."

విల్కిన్ ఆ వంకర వేళ్లు పట్టుకుని నొక్కాడు. తన చిటికెన వేలూ దాని పక్క వేలూ మాట వినలేదు.

"కప్పు పోతేనో?"

"వచ్చే ఏడు మళ్లీ ఆడదాం. చెయ్యంటూ ఉండాలిగా."

విల్కిన్ బంతి ఇచ్చేశాడు. బెంచీ మీద ఆయన పక్కనే కూర్చుని, తనూ తల దించుకుని, కొత్త పిచర్ విసరబోయే తొలి బంతి చప్పుడు కోసం చెవి ఒగ్గాడు.